మోకెన్ భాషలో ‘కావాలి’ అనే మాట లేదా? ఒక చిన్న సముద్ర భాష, దాని చుట్టూ అల్లుకున్న కథలు

క్లుప్తంగా: మయన్మార్, థాయ్‌లాండ్ తీరాల మధ్య దీవుల్లో కొన్ని వేల మంది మాట్లాడే భాష మోకెన్. 2004 సునామీ తర్వాత దీని గురించి ప్రచారమైన విషయాల్లో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, ఒకటి అసలు వేరే జనానిది. ‘ఫలానా మాట లేదు’ అనే వింత కంటే, ఉన్న మాటలు ఏ పని చేశాయి, ఇప్పుడు అవి ఎందుకు సన్నబడుతున్నాయి అన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

ఏటా డిసెంబరు 26 దగ్గరపడగానే కొన్ని వీడియోలు ఫోన్లలో మళ్ళీ తిరుగుతాయి. అండమాన్ సముద్రంలో పడవల మీదే బతికే జనం ఉన్నారని, 2004లో సునామీని ముందే పసిగట్టి కొండెక్కారని, వాళ్ళ భాషలో ‘కావాలి’, ‘ఎప్పుడు’ అనే మాటలే లేవని, వాళ్ళ పిల్లలు నీళ్ళ అడుగున కళ్ళు తెరిచి చూడగలరని, వాళ్ళ ప్లీహం మామూలు మనుషులకంటే పెద్దదని అందులో చెబుతారు. అన్నీ ఒకే మూటలో కట్టేయడంతో ఏది ఎవరిదో తెలియకుండా పోయింది.

ముందు ప్లీహం సంగతి తేల్చేయవచ్చు. పెద్ద ప్లీహం గురించి 2018లో వచ్చిన పరిశోధన ఇండోనేషియాలోని బజావ్ జనం మీద జరిగింది. వాళ్ళూ సముద్ర సంచారులే గానీ, ఉండే చోటు మోకెన్‌లకు చాలా దూరం, మాట్లాడే భాష వేరు. ‘సీ జిప్సీ’ అని ఇంగ్లీషువాళ్ళు అందరికీ ఒకే పేరు తగిలించడంతో వచ్చిన గందరగోళం ఇది.

ఎవరు, ఎక్కడ

మయన్మార్ దక్షిణ కొసన మెర్గూయి ద్వీపసమూహం ఉంది. ఎనిమిది వందల దాకా దీవులు. అక్కడి నుంచి దిగువన థాయ్‌లాండ్‌లోని సురిన్ దీవుల వరకు మోకెన్‌లు ఉంటారు. జనాభా రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య అని వేర్వేరు అంచనాలు. ఒకచోట ఉండని జనాన్ని, అదీ రెండు దేశాల మధ్య, లెక్కపెట్టడం ఎంత కష్టమో ఆ తేడాలోనే కనిపిస్తుంది.

పాత పద్ధతిలో వాళ్ళ ఏడాది రెండు ముక్కలు. ఈశాన్య గాలుల కాలంలో, అంటే సముద్రం నెమ్మదిగా ఉండే పొడి నెలల్లో, కబాంగ్ అనే ఇంటి పడవల్లో కుటుంబాలు గుంపులుగా తిరిగేవి. నైరుతి రుతుపవనాలు పట్టగానే ఏదో ఒక దీవి ఒడ్డున గుడిసెలు వేసుకునేవి. సముద్రపు దోసకాయ (సీ కుకుంబర్ అనే జీవి), శంఖాలు, గవ్వలు, మొగలి ఆకుతో అల్లిన చాపలు ఇచ్చి బియ్యం తెచ్చుకోవడం, మధ్యలో తవుకే అని పిలిచే వర్తకుడు ఉండటం, ఇదీ వాళ్ళ ఆర్థిక వ్యవస్థ. ప్రతి గుంపుకూ తనదైన దీవి, తనదైన యాస. దుంగ్, జైత్, లెబి అని ఆ యాసలకు పేర్లు.

బర్మావాళ్ళు వీళ్ళను సలోన్ అంటారు. థాయ్‌లు చావ్ లే, అంటే సముద్ర జనం, అంటారు. సర్కారీ మర్యాదలో ‘థాయ్ మై’, కొత్త థాయ్‌లు. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకునే పేరు ఒక్కటే, మోకెన్. సురిన్ మోకెన్‌లకు థాయ్ రాజమాత ఇచ్చిన ఇంటిపేరు కూడా ఒకటుంది: క్లాథలే. సముద్రమంటే బెదరనివాళ్ళు అని అర్థం. దాంతో ఊరు ఊరంతటికీ దాదాపు ఒకే ఇంటిపేరు. తెలుగు సంబంధాల లెక్కన చూస్తే ఒక్క పెళ్ళీ కుదరదు.

మలయ్ యాస అనుకుంటే పొరపాటు

మోకెన్ ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందిన భాష. తైవాన్ నుంచి బయల్దేరి పడమట మడగాస్కర్ దాకా, తూర్పున ఈస్టర్ దీవి దాకా పాకిన కుటుంబం ఇది. పన్నెండు వందల దాకా భాషలున్నాయి. పేరు దగ్గరగా ఉన్న ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబం వేరు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో వినిపించే సవర భాష, నికోబార్ దీవుల భాషలు ఆ రెండో కుటుంబానివి. పత్రికల్లో ఈ రెండు పేర్లూ తారుమారు కావడం మామూలే.

చుట్టూ మలయ్ ప్రభావం ఎక్కువ కాబట్టి మోకెన్‌ను మలయ్ యాసగా చాలామంది పొరబడ్డారు. అంకెలు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. మోకెన్‌లో మూడును తెలోయ్ అంటారు, ఎనిమిదిని వలోయ్ అంటారు. సముద్రానికి అవతల మడగాస్కర్‌లో అవే తెలో, వలో. పసిఫిక్ నడిమధ్య హవాయిలో కోలు, వలు. పక్కనే ఉన్న మలయ్‌లో మాత్రం తిగ, లపన్. అంటే పాత అంకెలను మలయ్ వదిలేసి కొత్తవి పట్టుకుంది, మోకెన్ వదల్లేదు. పొరుగింటి నుంచి అరువు తెచ్చుకుంటే పొరుగింటి అంకెలే వచ్చి ఉండేవి.

ఇంకో గుర్తు ధ్వనుల్లో ఉంది. మలయ్‌లో రాయిని బతు అంటే మోకెన్‌లో బతోయ్ అంటారు. తెలోయ్, వలోయ్, బతోయ్ మూడింటిలోనూ చివరి ‘ఉ’ కాస్తా ‘ఓయ్’ అయింది. ఇలా ఒక పద్ధతి ప్రకారం మారడమే బంధుత్వానికి సాక్ష్యం. కన్నడంలో కివి, కెరె అనేవి తెలుగులో చెవి, చెరువు అయినట్టే. 1999లో హవాయి విశ్వవిద్యాలయంలో వచ్చిన ఒక పరిశోధన మోకెన్‌ను, దాని చెల్లెలు మోక్లెన్‌ను కలిపి ఆ కుటుంబంలో ఒక ప్రత్యేక శాఖగా పరిశీలించింది. థాయ్‌లాండ్ దక్షిణ తీరాన, దీవుల్లో ఉండే మరో సముద్ర జనం ఉరక్ లవోయ్. థాయ్‌లు వాళ్ళనూ చావ్ లే అనే అంటారు గానీ, వాళ్ళ భాష మాత్రం మలయ్ గూటిదే.

మాట లేకపోతే ఆలోచన లేనట్టేనా

ఇక అందరూ చెప్పుకునే సంగతి. 2005లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం సురిన్ దీవులకు వెళ్ళింది. మోకెన్‌ల మధ్య ఏళ్ళ తరబడి గడిపిన ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త జాక్ ఇవనోఫ్ అందులో మాట్లాడారు. ఇవ్వడం, తీసుకోవడం ఉన్నాయి గానీ ‘కావాలి’ అనేది లేదని, ‘ఎప్పుడు’ అనే మాట లేదని, పలకరింపుకు, వీడ్కోలుకు విడిగా మాటల్లేవని ఆ కార్యక్రమం ద్వారా ప్రపంచానికి తెలిసింది. అక్కడి నుంచి అది కోరికలే లేని జనం, కాలమే తెలియని జనం అనే కథగా మారిపోయింది.

మొదటి సగం పరిశీలన, రెండో సగం కల్పన. తెలుగునే తీసుకుంటే సంగతి బోధపడుతుంది. ఇంగ్లీషులో సొంతం చేసుకుని ఉండటాన్ని చెప్పే ‘హావ్’ అనే క్రియకు సరిసమానమైన మాట మామూలు తెలుగులో లేదు. ‘నాకు రెండెకరాలు ఉంది’ అంటాం. పొలం కర్త, మనిషి ‘కు’ విభక్తితో పక్కన నిలబడతాడు. ‘కలిగి ఉన్నాను’ అనేది అనువాదాల్లో పుట్టిన వాక్యం. అంతమాత్రాన తెలుగువాళ్ళకు ఆస్తి మీద మమకారం లేదని ఎవరైనా అంటే, గట్టు తగాదాల్లో నలిగిన ఏ ఊరూ ఒప్పుకోదు. వీడ్కోలుకూ అంతే. గడప దాటేటప్పుడు ‘వెళ్ళొస్తా’ అంటారు, లేదా ఇంగ్లీషు ‘బై’ అంటారు. హిందీలో నిన్నకూ రేపటికీ కలిపి ‘కల్’ ఒక్కటే మాట. హిందీవాళ్ళు రైలు అందుకోలేకపోవడం లేదు.

ఒక భాష దేన్ని ఒకే మాటలో చెబుతుంది, దేన్ని వాక్యం తిప్పి చెబుతుంది అన్నది ఆ భాష చరిత్రను బట్టి ఉంటుంది. మోకెన్‌లు ఎక్కువ కూడబెట్టరు అన్నది నిజమే. పడవలో ఇల్లు పెట్టుకున్నవాళ్ళకు కూడబెట్టినది మోసే చోటు ఉండదు. దొరికినది పంచుకోకపోతే రేపు వల ఖాళీగా వచ్చిన రోజు ఎవరూ పెట్టరు. అంటే ఆ స్వభావానికి కారణం పడవలో, పంపకంలో ఉంది. నిఘంటువులో ఒక మాట కనిపించకపోవడంతో దాన్ని ముడిపెట్టడం తేలికైన పని, అందుకే అది అంత బాగా తిరిగింది.

వయసు తెలియకపోవడం కూడా ఇలాంటిదే. సురిన్ పెద్దవాళ్ళు తమ వయసు చెప్పలేరని ఆశ్చర్యంగా రాశారు. కృష్ణా జిల్లాలో ‘వాడు ఉప్పెన వచ్చిన ఏడు పుట్టాడు’ అనే లెక్క తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు.

లబూన్, స్మోంగ్, ఉప్పెన

ఉప్పెన మాట వచ్చింది కాబట్టి, ఈ భాష నిజంగా ఏం చేసిందో చూడవచ్చు. మోకెన్ కథల్లో లబూన్ అనే అల ఉంది. మనుషుల్ని మింగే అల. అది వచ్చేముందు సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతుందని పెద్దలు పిల్లలకు చెప్పేవారు. 2004 డిసెంబరు 26 ఉదయం సురిన్ దీవి దగ్గర నీళ్ళు అలాగే వెనక్కి పోయాయి. పెద్దవాళ్ళు గుర్తుపట్టి అందర్నీ ఎత్తుకు తరిమారు. ఊరు తుడిచిపెట్టుకుపోయింది. అక్కడున్న దాదాపు రెండు వందల మందిలో అందరూ అన్నంతగా బతికారు.

ఇందులో అతీంద్రియ శక్తి ఏమీ లేదు. ‘ఈ గుర్తు కనిపిస్తే ఈ పని చెయ్యి’ అనే సూచనను ఒక మాటలో మడిచి దాచారు. అచ్చం ఇలాంటిదే ఇండోనేషియాలోని సిమెయులుయె దీవిలోనూ ఉంది. అక్కడివి కూడా దెవయాన్, సిగులై వంటి చిన్న ఆస్ట్రోనేషియన్ భాషలే. 1907లో పెద్ద అల ఆ దీవిని ముంచింది. దానికి స్మోంగ్ అని పేరు పెట్టుకుని, జోలపాటల్లో, కథల్లో అప్పగిస్తూ వచ్చారు. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కమన్నదే అందులో సారం. 2004లో భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్నా, 78 వేల మంది జనాభాలో పోయింది ఏడుగురు. హిందూ మహాసముద్రం చుట్టూ ఆ రోజు పోయినవాళ్ళు 2 లక్షల 25 వేలకు పైనే.

రెండు మాటల మధ్య ఉన్న తేడా గమనించదగ్గది. సిమెయులుయె భూకంపం పక్కనే ఉంది కాబట్టి స్మోంగ్ సూచనలో భూకంపం ముందు వస్తుంది. సురిన్ దీవులు దూరం. అల రావడానికి గంటన్నర పైనే పట్టింది. అక్కడ నమ్మదగ్గ గుర్తు నీళ్ళు వెనక్కి పోవడమే. అందులోనూ భౌతికశాస్త్రం సాయం చేసింది. 2004లో సముద్రపు నేల కదిలిన తీరు వల్ల పగులుకు తూర్పున, అంటే థాయ్ తీరం వైపు, ముందు నీరు తగ్గింది. పడమరన, అంటే భారత్, శ్రీలంక వైపు, చాలాచోట్ల నీరు తగ్గకుండానే మొదట పొంగింది. లబూన్ కథను మక్కీకి మక్కీగా మన తీరానికి తెచ్చుకుంటే ఆ రోజు అంతగా పనిచేసి ఉండేది కాదు.

తెలుగు తీరానికి తనదైన మాట ఉంది, ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అదే. అధికారిక లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. కానీ ఉప్పెన తుఫానుతో వస్తుంది. ముందు గాలి, వాన, మబ్బు ఉంటాయి. 2004లో ఆదివారం ఉదయం, గాలి తుఫాను ఏమీ లేకుండా నీళ్ళు లేచాయి. ఉప్పెన తెలిసిన తీరానికి కూడా ఆ గుర్తులేవీ కనిపించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వంద మందికి పైగా చనిపోయారు. పేపర్లు ‘సునామీ’ అనే జపాన్ మాటను, ‘రాకాసి అలలు’ అనే కొత్త మాటను జనానికి నేర్పించాల్సి వచ్చింది.

మోకెన్ కథ కూడా అందర్నీ కాపాడలేదు. వాళ్ళ బంధువులైన మోక్లెన్‌లు ఫాంగ్ఙా రాష్ట్రపు ప్రధాన భూభాగం మీద ఊళ్ళు కట్టుకుని చాలాకాలమైంది. ఖావో లాక్ చుట్టుపక్కల వాళ్ళ ఊళ్ళలో మరణాలు జరిగాయి. కారణం మరచిపోవడం ఒక్కటే అనడానికి లేదు. ఆ తీరం చదునుగా ఉంటుంది, థాయ్‌లాండ్‌లో అల తీవ్రత ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి. కథ గుర్తున్నా, పరుగెత్తి ఎక్కడానికి గుట్ట దగ్గర్లో ఉండాలి కదా.

పిల్లల కళ్ళు

నీళ్ళ అడుగున చూపు గురించి చెప్పేది నిజమే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా యిస్లేన్ బృందం 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మోకెన్ పిల్లలు నీటి అడుగున యూరప్ పిల్లలకంటే రెండింతలు స్పష్టంగా చూడగలరు. నీళ్ళలోకి దిగగానే వాళ్ళ కంటిపాపలు బాగా చిన్నవవుతాయి, కెమెరాలో ఎపర్చర్ తగ్గించినట్టు. తర్వాత అదే బృందం యూరప్ పిల్లలకు శిక్షణ ఇచ్చి చూస్తే వాళ్ళకూ ఆ నేర్పు అబ్బింది. అంటే నెత్తుటిలో ఉన్న వరం కాదని తేలింది. రోజూ డైవ్ చేస్తే వస్తుంది, మానేస్తే తర్వాతి తరానికి రాదు. భాష సంగతీ దీనికి దూరంగా ఏమీ లేదు.

పడవ ఆగితే ఏమవుతుంది

కబాంగ్ అడుగు ఒకే మానును తొలిచి చేస్తారు. పక్కలు పూర్వం ఒక రకం తాటి జాతి చెట్టు కాడలతో కట్టేవారు, తర్వాత పలకలు వచ్చాయి. ముందూ వెనకా లోతైన గంట్లు ఉంటాయి. నీళ్ళలోంచి పైకెక్కడానికి అవే మెట్లు. పడవను మనిషి ఒంటిలా చూస్తారు. దానికి పొట్ట ఉంది, మెడ ఉంది, పక్కటెముకలున్నాయి, భుజం ఉంది. కుండకు మూతి, మెడ ఉన్నట్టే గానీ ఇంకా వివరంగా. ఏ చెట్టు ఏ భాగానికి పనికొస్తుంది, ఏ నెలలో కొట్టాలి, ఏ రేవులో ఏ గాలికి ఆగాలి అన్నదంతా ఈ మాటల చుట్టూ ఉండేది.

సురిన్ దీవులు 1981లో జాతీయ పార్కు అయ్యాయి. పార్కులో పెద్ద చెట్టు కొట్టకూడదు. అడవిని కాపాడటానికి పెట్టిన నియమమే. కానీ చెట్టు లేకపోతే కబాంగ్ లేదు. వాటి బదులు థాయ్ తరహా పొడవాటి తోక మోటారు పడవలు వచ్చాయి. ఆ పడవ భాగాల పేర్లు థాయ్‌లో ఉంటాయి, మరమ్మతు చేసే మేస్త్రీ థాయ్‌లో మాట్లాడతాడు, డీజిల్ కొట్టులో లెక్క థాయ్‌లో జరుగుతుంది. ఎవరూ మోకెన్ మాట్లాడొద్దని అనలేదు. మాట్లాడే సందర్భాలు ఒక్కొక్కటే తగ్గాయి.

సునామీ తర్వాత సురిన్ మోకెన్‌లను ఒకే రేవులో ఒకే ఊరుగా చేర్చారు. ఇళ్ళు దగ్గర దగ్గరగా, వరసల్లో వేశారు. 2019 ఫిబ్రవరిలో నిప్పంటుకున్నప్పుడు దాదాపు అరవై ఇళ్ళు ఒకేసారి కాలిపోవడానికి ఆ అమరిక ఒక కారణం. పాత పద్ధతిలో గుడిసెలు అలా ఒక్కచోట ఇరుక్కుని ఉండేవి కావు. అయితే భాష మటుకు ఒకచోట చేరడం వల్ల కొంత నిలబడింది కూడా. ఇప్పటికీ సురిన్‌లో పిల్లలు ఇంట్లో మోకెన్ మాట్లాడతారు. బడి థాయ్‌లో, టూరిస్టులతో పని థాయ్‌లో, ఇల్లు మోకెన్‌లో. ఊరికి దగ్గరగా, రోడ్డు మీద ఉన్న మోక్లెన్ వాడల్లో ఆ మూడోది కూడా థాయ్ అయిపోయింది. భాష ఎక్కువగా పెద్దవాళ్ళ నోట్లోనే మిగిలింది.

సరిహద్దుకు రెండు వైపులా

థాయ్ వైపు సమస్య కాగితాలది. తిరిగే జనానికి పుట్టిన చోటు రుజువు ఉండదు. సునామీ తర్వాత ప్రపంచం దృష్టి పడటంతో కొందరికి గుర్తింపు కార్డులు వచ్చాయి, ఇంకొందరు ఏళ్ళ తరబడి ఏ దేశానికీ చెందనివాళ్ళుగా ఉండిపోయారు. 2010 జూన్ 2న థాయ్ మంత్రివర్గం చావ్ లే జీవనాన్ని పునరుద్ధరించాలని తీర్మానం చేసింది. తీర్మానం చట్టం కాదు. పార్కు చట్టంతో ఢీకొన్నప్పుడు ఏది గెలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

మయన్మార్ వైపు మోకెన్‌లు ఎక్కువ, సమాచారం తక్కువ. లంపి దీవి 1996లో సముద్ర జాతీయ పార్కు అయింది. దాని పక్కనే బో చో దీవిలో మా క్యోన్ గలెట్ అనే ఊళ్ళో బర్మీయులు, కరెన్ తెగవాళ్ళతో కలిసి మోకెన్‌లు స్థిరపడ్డారు. 2004 ఫిబ్రవరిలో సైనిక ప్రభుత్వం అక్కడ టూరిస్టుల కోసం సలోన్ పండుగ కూడా జరిపింది. బర్మీ జాలర్లతో పెళ్ళిళ్ళు పెరిగాయి. పెద్ద బోట్ల మీద కూలికి డైవ్ చేసే మగవాళ్ళు కంప్రెసర్ గొట్టంతో లోతుకు దిగి జబ్బుపడటం, ప్రాణాలు పోగొట్టుకోవడం జరుగుతోంది. మిశ్రమ కుటుంబాల్లో పిల్లలు బర్మీ వైపే మొగ్గుతారు, ఎందుకంటే బడి, బజారు, బోటు యజమాని అన్నీ బర్మీయే. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత బయటి పరిశోధకులు అక్కడికి వెళ్ళడం మరీ కష్టమైంది.

రాయడం ఎంతవరకు కాపాడుతుంది

థాయ్‌లాండ్‌లోని చూలాలోంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయం యునెస్కోతో కలిసి 1990ల చివర్లో మొదలుపెట్టిన అండమాన్ పైలట్ ప్రాజెక్టు మోకెన్‌ల మొక్కల పరిజ్ఞానం, కథలు, పడవ కట్టే పద్ధతి నమోదు చేసింది. ఇలాంటి పనికి ఉన్న విలువ తెలుగువాళ్ళకు గిడుగు రామమూర్తి సవర కృషి వల్ల తెలిసిందే. ఆయన 1930లలో ఇచ్చిన వ్యాకరణం, నిఘంటువు ఇవాళ్టికీ ఆధారం. కానీ సవర నిలబడింది పుస్తకం వల్ల మాత్రమే కాదు, కొండ మీద పోడు, జాతర, సంత ఆ భాషలో నడవడం వల్ల. మోకెన్‌కు ఆ సంత నీటి మీద ఉండేది.

సురిన్‌లో ఇప్పటికీ థాయ్ చాంద్రమానపు ఐదో నెలలో లోబోంగ్ అనే పూర్వీకుల కంబాల దగ్గర పండుగ జరుగుతుంది. పాటలు, పూనకాలు, మొక్కులు ఆ భాషలోనే. టూరిస్టులు కూడా వస్తారు. అది ఉన్నంతకాలం ఆ మాటలకు పని ఉంటుంది. పడవ మాటల పరిస్థితి వేరు. మోకెన్‌లో భుజాన్ని బహోయ్ అంటారు. ఆ మాట ఎక్కడికీ పోదు, ప్రతి పిల్లాడికీ రెండు ఉన్నాయి. పడవకూ ఒక బహోయ్ ఉంటుందని చెప్పాలంటే మాత్రం పక్కన ఒక కబాంగ్ ఉండి, దాన్ని చేత్తో తట్టి చూపించాలి.